బూడిద గుంటల్లో ద్రాక్ష: నాయనతో లాన్సరోటేలో ఐదు రోజులు

మొదటి రోజు: ఉగా

విమానం కిందికి దిగుతుంటే నాయన కిటికీకి ముఖం ఆనించి చూస్తూ, "ఇంత మేర కాలిపోయిందేం పాపా? ఎప్పుడు అంటుకుంది?" అన్నాడు.

కాలిన మాట నిజమే. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట కాలింది. లాన్సరోటే స్పెయిన్ కిందికి వచ్చే కానరీ దీవుల్లో ఒకటి. స్పెయిన్‌దే అయినా ఆఫ్రికా తీరానికే దగ్గర, మధ్యలో సుమారు 130 కిలోమీటర్ల సముద్రం. మేముండే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం.

నాయన కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి మూడు నెలలు ఉండిపోదామని వచ్చాడు. నెల తిరక్కముందే నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఆయనకు ఊపిరాడలేదు. ఎక్కడికైనా తీసుకెళ్తానంటే, "కోటలు, చర్చిలు చాలమ్మా. సేద్యం ఉన్న చోటికి పోదాం" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది లాన్సరోటే. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దేశంలోనే తక్కువ వాన పడే చోట్లలో మాది ఒకటని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. ఈ దీవిలో పడేది 150. నది లేదు, వాగు లేదు. అయినా ద్రాక్ష పండిస్తారు, వైన్ చేస్తారు. ఈ మాట చెబితే నాయన నమ్మలేదు. "డ్రిప్పు లేకుండానా?" అని రెండుసార్లు అడిగాడు.

ఉగా అనే చిన్న ఊళ్లో గది తీసుకున్నాం. తెల్లసున్నం వేసిన ఇళ్లు, పచ్చరంగు తలుపులు, చుట్టూ నల్లటి నేల. రాత్రి చిన్నాయన ఫోన్ చేశాడు. తూర్పు చేను నాలుగెకరాల్లో రాళ్లు తీయించడానికి జేసీబీ మాట్లాడానని, వచ్చే వారం వస్తుందని, చదును చేసి చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టేద్దామని. నాయన "సరే, చూసుకో" అన్నాడు.

ఆ చేను గురించి రెండు మాటలు చెప్పాలి. గరప నేల, పైనంతా పిడికెడు పిడికెడు రాళ్లు. మా తాత బతికున్నన్నాళ్లూ పెద్ద రాళ్లు గట్టుకు వేయించేవాడు గానీ చిన్న రాళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. "రాయి పోతే పదును పోతుంది" అనేవాడు. పదును అంటే నేలలోని తడి. తాత పోయాక నాయన కూలీలను పెట్టి ఒక మూల అర ఎకరం ఏరించాడు. వేరుశనగ వేసిన ప్రతి ఏడూ ముందు వాడిపోయేది ఆ మూలే. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, అయినా దాని గురించి ఎవరం మాట్లాడం.

రెండో రోజు: లా హేరియా

పొద్దున ఏడింటికే బయలుదేరాం. ఉగా దాటి రెండు మలుపులు తిరిగామో లేదో నాయన "ఆపు, ఆపు" అన్నాడు.

రోడ్డుకు రెండు వైపులా కొండవాలంతా నల్లగా ఉంది. ఆ నలుపు నిండా గుంటలు, వేల గుంటలు. ఒక్కో గుంట అంచున సగం చందమామలా వంపు తిరిగిన రాళ్లగోడ. అడుగున ఒకే ఒక్క ద్రాక్ష మొక్క, తీగలు నేలకు పరుచుకుని, అంత నల్లదనంలో కళ్లకు కొట్టేంత పచ్చగా. పందిరి లేదు, రాతి కూసాలు లేవు, కట్టిన ఇనుప తీగ లేదు, పైపు లేదు. నాయన చాలాసేపు పైపు కోసమే వెతికాడు.

కూర్చుని పిడికెడు బూడిద చేతిలోకి తీసుకున్నాడు. బూడిద అంటున్నాను గానీ శనగగింజంత, బఠానీ అంత నల్లటి గుల్లరాళ్లు అవి. అగ్నిపర్వతం పైకి చిమ్మినప్పుడు గాల్లోనే చల్లబడి రాలినవి. ఇక్కడ దాన్ని రోఫే అంటారు. "బరువే లేదు. బొరుగుల మాదిరి ఉంది" అన్నాడు నాయన. ఆ మాట అంటూనే మొక్కను దగ్గర నుంచి చూద్దామని గుంట అంచున కాలు పెట్టాడు. రోఫే జరజరా జారింది. ఆయన నడుము లోతు దాకా జారి ఎలాగో నిలదొక్కుకున్నాడు. జారిన రాయంతా పోయి మొక్క మొదలును సగం కప్పేసింది.

దూరం నుంచి ఎవరో గట్టిగా అరిచారు. పార పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు, నాయన వయసే ఉంటుంది. నాకొచ్చిన కొద్దిపాటి స్పానిష్‌తో క్షమించమన్నాను. నాయన మాత్రం మాటకు ముందే ఆయన చేతిలోంచి పార తీసుకుని జారిన రాయిని పైకి ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. ఆ పార పట్టిన తీరు చూసి ఆయన కోపం తగ్గింది. ఇద్దరూ కలిసి పది నిమిషాల్లో మొక్కను బయటపెట్టారు. తర్వాత ఆయనే మమ్మల్ని గోడ వారగా తీసుకెళ్లి, ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తూ తోట తిప్పాడు.

గుంట ఇంత లోతు ఎందుకంటే, అసలు మట్టి అడుగున ఉంది. అగ్నిపర్వతం పేలకముందు ఇక్కడ గోధుమ, బార్లీ పండేవి. ఆ పాత పొలం రెండు, మూడు మీటర్ల రోఫే కింద పూడిపోయింది. దాన్ని అందుకునే దాకా తవ్వి, ఆ మట్టిలో మొక్క నాటుతారు. వేర్లకు తిండి ఆ మట్టిలోనే. రోఫేలో ఏ సారమూ లేదు, అది చేసే పని వేరు. ఎప్పుడో పడే నాలుగు చినుకుల్లో ఒక్కటీ పారిపోకుండా నేరుగా కిందికి దింపుతుంది. దిగిన నీటిని ఎండ మళ్లీ పైకి లాక్కోలేదు. మామూలు మట్టిలో సన్నటి సందుల గుండా తేమ పైకి ఎగబాకి ఆవిరైపోతుంది, ఈ గుల్లరాళ్ల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి ఆ దారి తెగిపోతుంది. రాత్రిళ్లు సముద్రం మీది గాలిలో ఉండే చెమ్మను కూడా రాయి పట్టుకుంటుందని రైతులు చెబుతారు. వంపుగోడ ఈశాన్యం వైపే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి అటు నుంచే కొడుతుంది, గోడ లేకపోతే లేత కొమ్మ నిలవదు.

నేను ఇదంతా తడబడుతూ తెలుగులోకి మార్చి చెబుతుంటే నాయన మధ్యలోనే ఆపాడు.

"ఇది గుంటక పాఠమే కదమ్మా."

గుంటక అంటే పైమన్నును గీకి పొడి చేసే ఎడ్ల పనిముట్టు. దానికీ దీనికీ సంబంధం నాకు అర్థం కాలేదు.

"వాన పడినాక గుంటక తోలేదెందుకు? కలుపు కోసమే అనుకుంటివా? పైన రెండు వేళ్ల మందాన మన్ను పొడి చేస్తే కింద పదును ఆరదు. పొడి మన్నే దుప్పటి. మనం ప్రతి వానకూ కప్పాల. వీళ్లకు కొండే కప్పి పోయింది."

ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో పెరిగాను. ఎడ్ల వెనక గుంటక పోతుంటే చూస్తూ బడికి పోయాను. అది నీళ్లు దాచే పని అని నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు కూడా. ఆ గోడ పక్కన నిలబడి నాకు గొంతు పట్టేసింది.

తర్వాత లెక్కలు. హెక్టారుకు సుమారు 300 మొక్కలు, అంటే మన ఎకరాకు 120. "చీనీ తోట లెక్క" అన్నాడు నాయన. దిగుబడి హెక్టారుకు టన్ను, బాగా వస్తే టన్నున్నర. ఎకరాకు నాలుగు నుంచి ఆరు క్వింటాళ్లు! మన పందిరి తోటల్లో ఎకరాకు టన్నుల్లో మాట్లాడుకుంటారు. ఈ వాలులో ట్రాక్టరు దిగదు. తవ్వడం, కత్తిరించడం, కోయడం, గాలికి గుంటలోకి జారిన రోఫేను ఏటా ఎత్తిపోయడం, కూలిన గోడ మళ్లీ పేర్చడం, అన్నీ చేత్తోనే. ఒకప్పుడు ఈ దీవిలో ఒంటెలతో దున్నేవారు, ఇప్పుడవి పర్యాటకులను మోస్తున్నాయి.

నాయన చివరగా ఒకటి అడగమన్నాడు: "నీ తర్వాత ఎవరు చేస్తారు?" పెద్దాయన దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. పిల్లలు అక్కడ హోటళ్లలో పని చేస్తున్నారట. నేను అది తెలుగులో చెప్పాల్సిన పని పడలేదు. నాయన నా వైపు చూశాడు, అంతే.

మధ్యాహ్నం ఉగాలోనే భోజనం. బాగా ఉప్పు వేసి నీళ్లు ఇగిరేదాకా ఉడికించిన చిన్న బంగాళదుంపలు, తోలు ముడతలు పడి పైన ఉప్పు పొర కడుతుంది. నంజుకోవడానికి మోహో అనే ఎర్రకారం, ఎండుమిరప, వెల్లుల్లి, నూనె కలిపి నూరింది. ఐరోపాకు వచ్చాక నాయన రెండోసారి వడ్డించుకున్న మొదటి భోజనం అది. గోఫియో అని వేయించిన ధాన్యం పిండి కూడా తెచ్చిపెట్టారు, వాసన అచ్చం మన పేలపిండే.

మూడో రోజు: తిమన్‌ఫాయా

గుంటలకు కారణమైన కొండలను చూడ్డానికి తిమన్‌ఫాయా జాతీయ పార్కుకు వెళ్లాం. ఇక్కడ సొంతంగా తిరగనివ్వరు, బస్సులోంచి చూడాల్సిందే. నేల కింది వేడి ఇంకా చల్లారలేదు. పార్కు మనిషి ఒక గుంటలో ఎండుకంప వేస్తే మండింది. గొట్టంలో బకెట్ నీళ్లు పోస్తే క్షణం తర్వాత ఆవిరై చప్పుడుతో పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాయన రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించాడు.

1730 సెప్టెంబరు 1, రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య. తిమన్‌ఫాయా అనే ఊరి దగ్గర నేల చీలిందని యైసా చర్చి ఫాదర్ ఆంద్రేస్ లొరెన్సో కుర్బేలో తన దినచర్యలో రాశాడు. ఆయన చేతిరాత ప్రతి దొరకలేదు. తర్వాత వచ్చిన జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త లియోపోల్డ్ ఫాన్ బుఖ్ తన పుస్తకంలో ఎక్కించడం వల్ల ఆ మాటలు మనకు మిగిలాయి. 1736 ఏప్రిల్ దాకా పేలుళ్లు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ సాగాయి. దీవిలో దాదాపు నాలుగో వంతు లావా కింద పడిపోయింది. తిమన్‌ఫాయా, సాంతా కతలీనా, మాసో, ఇలా ఎన్నో ఊళ్లు పోయాయి. దీవిలో మంచి ధాన్యపు భూములు అవే. ఫాదర్ కూడా తన ఊరివాళ్లతో పాటు గ్రాన్ కనారియా దీవికి వెళ్లిపోయాడు.

"ఆరేండ్లా?" అన్నాడు నాయన. "మనం ఒక్క కరువుకే బెంగళూరు పోతిమి."

నిజమే. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మానాన్నలు ఇల్లు తాళం వేసి కట్టడం పనులకు బెంగళూరు వెళ్లారు. నన్ను జేజి దగ్గర వదిలారు. వానలు పడ్డాక తిరిగి వచ్చారు. ఇక్కడ కూడా కొందరు తిరిగి వచ్చారు. వచ్చి చూస్తే పొలం లేదు, నల్లరాయి ఉంది. రోఫే పలచగా పడిన చోట్ల మాత్రం పంట మునుపటికంటే బాగా వస్తోందని గమనించారు. మందంగా పడిన చోట తవ్వారు. మొదట తవ్విన మనిషి పేరు ఎక్కడా లేదు. పార్కులో అగ్నిపర్వతాల గురించి అంత వివరంగా చెప్పారు గానీ, ఆ మనిషి గురించి ఇంకొంచెం చెప్పి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపించింది.

సాయంత్రం మాంచా బ్లాంకాలో అగ్నిపర్వతాల అమ్మవారి గుడికి వెళ్లాం. ఊరిమీదికి వస్తున్న లావా ఆ తల్లిని మొక్కుకుంటే ఆగిందని నమ్మకం. నాయన కొవ్వొత్తి వెలిగించాడు.

నాలుగో రోజు: మస్దాచే, ఎల్ గ్రిఫో

ఉత్తరం వైపు పోయేకొద్దీ రోఫే పలచబడుతుంది. లోతు గుంటలు అక్కర్లేదు. కాలువలా పొడుగ్గా తవ్వి, వెంబడే నిలువు గోడ కట్టి, వరుసలో మొక్కలు పెడతారు. హెక్టారుకు మొక్కలూ ఎక్కువే పడతాయి. కొన్నిచోట్ల గడ్డకట్టిన లావా పగిలి లోతుగా సందులు ఏర్పడ్డాయి, ఆ సందుల్లో కూడా తీగ నాటారు. వీటిని చబోకోలు అంటారు. అందులో ఒక తీగ మొదలు నా తొడ అంత లావుంది. వయసు ఎంతో గానీ బెరడు పేలికలు పేలికలుగా ఊడుతోంది, పైన మాత్రం గుత్తులు వేలాడుతున్నాయి.

ఎల్ గ్రిఫో 1775లో మొదలైన వైన్ తయారీ కేంద్రం, కానరీ దీవుల్లో అన్నిటికంటే పాతది. లోపల మ్యూజియంలో పాత చెక్క గానుగలు, పీపాలు ఉన్నాయి. ఈ దీవి ముఖ్యమైన రకం మల్వసియా వోల్కానికా. మల్వసియా ఆరోమాటికా, బెర్మెహువేలా అనే రెండు రకాలు తమంతట తాము కలిసి పుట్టిన రకమని జన్యు పరీక్షల్లో తేలింది.

అక్కడ తెలిసిన ఇంకో సంగతి నాయనను ఎక్కువ పట్టుకుంది. 19వ శతాబ్దంలో ఫిల్లోక్సెరా అనే వేరు పురుగు ఐరోపా ద్రాక్షతోటలను తుడిచిపెట్టింది. అప్పటి నుంచి అక్కడ తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద అంటుకట్టే నాటుతారు. మన రైతులు కూడా డాగ్‌రిడ్జ్ అనే వేరుమొక్క మీద అంటు కడతారు కదా, కారణం ఇంకోటైనా. ఆ పురుగు ఈ దీవికి చేరలేదు. ఇక్కడి తీగలు సొంత వేరు మీదే ఉన్నాయి. 2025లో ఇదే దీవుల గుంపులోని టెనెరిఫేలో అది బయటపడింది. అప్పటి నుంచి రైతులకు టెన్షన్ మొదలైంది. ఇది విన్నాక నాయన కారు దగ్గర తన చెప్పుల అడుగు, నా బూట్ల అడుగు గుడ్డతో తుడిచాడు. "మనం ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చినామో" అన్నాడు.

నాయన తాగడు. నేను ఒక గ్లాసు మల్వసియా రుచి చూశాను. తీపి లేదు, నిమ్మతొక్క వాసన, చివర్లో నాలుక మీద సన్నటి ఉప్పదనం. "ఉప్పగా ఉంటే ఎవరు తాగుతారు?" అని నాయన అడిగితే, బాగుందనే చెప్పాను. నిజంగా బాగుంది.

తిరుగుదారిలో మోసాగా దగ్గర రైతు స్మారకం చూశాం. ఈ దీవి కళాకారుడు సెసర్ మన్రీకే 1968లో నిలబెట్టింది, పాత పడవల నీళ్ల ట్యాంకులతో చేసిన 15 మీటర్ల తెల్లటి బొమ్మ. నీళ్ల ట్యాంకులే ఎందుకో ఈ దీవిలో రెండు రోజులుంటే అర్థమవుతుంది. 1960ల మధ్యలో సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రాలు వచ్చేదాకా ఇంటి కింది తొట్టిలో పట్టుకున్న వాన నీరే తాగునీరు, అది అయిపోతే ఓడలో రావాలి.

ఆ దారిలోనే నాయన కోసం మళ్లీ కారు ఆపాను, ఈసారి ఉల్లి పొలం దగ్గర. అగ్నిపర్వతం బూడిద పోయని ఊళ్లలోనూ రైతులు రోఫేను తవ్వి తెచ్చి, మామూలు చేను మీద జానెడులోపు మందాన పరిచి, దాని కింద మట్టిలో ఉల్లి, కందిపప్పులాంటి లెంటిల్స్, చిలగడదుంప వేస్తారు. ఏళ్లు గడిచి రాయిలో మన్ను కలిసిపోతే మళ్లీ మార్చాలి. 2025లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. నాయన వేలితో రోఫేను పక్కకు తోసి కింది మన్ను తాకాడు. జూలై నెలాఖరు, నడినెత్తిన ఎండ. వేలికి చెమ్మ అంటింది. నా చెయ్యి పట్టుకుని నా వేలూ పెట్టించాడు.

"రాయి మోసుకొచ్చి కప్పుతున్నారు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. రాత్రి భోజనం కూడా సగమే తిన్నాడు.

ఐదో రోజు: కోత

ఐరోపాలో అందరికంటే ముందు ద్రాక్ష కోసేవాళ్లలో వీళ్లు ఒకరు. జూలైలోనే మొదలవుతుంది. మొన్నటి పెద్దాయన తెల్లవారుజామున రమ్మన్నాడు. వెళ్లేసరికి ఆరుగురు అప్పటికే గుంటల్లో ఉన్నారు, నుదుటికి లైట్లు కట్టుకుని. ఎండ ఎక్కితే కాయ వేడెక్కుతుంది, అందుకని చీకట్లోనే మొదలుపెడతారు.

మోకాళ్ల మీద కూర్చుని, ఆకులు పైకెత్తి, గుత్తిని అరచేతిలో పట్టుకుని కత్తెరతో కోయాలి. నిండిన పెట్టెను భుజానికెత్తుకుని, కాలి కింద జారే రాయి మీద మూడు మీటర్లు పైకెక్కాలి. తర్వాత పక్క గుంట, అక్కడ మళ్లీ దిగాలి. నాయనను ఒక గుంట కోయనిచ్చారు. పైకెక్కేటప్పుడు నేను చెయ్యి అందించబోతే వద్దన్నాడు. పెట్టె దించాక ఒక్క కాయ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. గట్టి తోలు, చిన్న కాయ, గింజలు, చెప్పలేనంత తీపి. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహి తిన్నాను గానీ ఇంత తీపి ఎప్పుడూ చూడలేదన్నాడు.

సెలవు తీసుకునేటప్పుడు వాళ్లిద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు. పెద్దాయన ఆకాశం చూపించి అరచెయ్యి అడ్డంగా ఊపాడు, ఈ మధ్య వానలు సరిగా లేవని. నాయన కూడా అలాగే ఊపాడు.

ఎయిర్‌పోర్టులో కూర్చోగానే నాయన నా ఫోన్ అడిగాడు. చిన్నాయనకు చేశాడు. స్పీకర్ ఎలా తీసేయాలో ఆయనకు తెలియదు, అంతా వినపడింది.

"రేయ్, ఆ జేసీబీ వద్దురా."

"ఏమన్నా? అడ్వాన్స్ ఇచ్చేస్తిని కదా."

"పోతే పోనీ. చీనీ పెడదాం. రాళ్లు తీయకుండానే గుంటలు తీసి పెడదాం. ఏరిన మూల ఉంది చూడు, ఆ అర ఎకరం, దానికి గట్టు మీది చిన్న రాళ్లు మళ్లీ తోలించు."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఎవురన్నా వింటే నవ్వుతారు అన్నా, రాళ్లు తోలించేదేంది?"

"నేను వచ్చి చెప్తా. నాయన చెప్పిందే, మనమే వినలేదు. చిన్న రాళ్లే తోలించు, పెద్దవి వద్దు."

మా గేటు తెరిచారు. నాయన ఫోన్ నా చేతికిచ్చి సంచి తీసుకున్నాడు.